దొంగపని

మూడు రోజులుగా ముసురు. విస్తళ్ళు కుట్టే అడ్డాకు కట్టలకి బూజు పడుతుందని ఆ పొద్దున్న అన్నీ విప్పి వసారాలో పరిచాను. ఎండ లేదు, గాలికి ఆరితే ఆరాలి. మధ్యాహ్నంలోగా రెండు ఊళ్ళు వెళ్ళి రావాలి. గొడుగు కమ్మి ఒకటి ఊడిపోతే దానికి దారం కడుతూ కూర్చున్నాను. అప్పుడు పోస్టుమాను వచ్చి కార్డు ఇచ్చాడు. వానకి సిరా పాకింది కాని అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. "మా అక్కయ్యగారు గడచిన సోమవారం ఉదయం ప్రభువునందు నిద్రించారు. అదే రోజు సాయంత్రం సమాధి చేయడమైనది." నాకు పని నేర్పిన అమ్మగారి తమ్ముడుగారు గరివిడి నుంచి రాశారు. కార్డు నాకు అందింది శనివారం.

వెళ్ళి చూడ్డానికి ఏమీ మిగల్లేదు. గొడుగు కట్టడం పూర్తిచేసి, కాస్త ఆరిన ఆకు ఏరి మూటగట్టుకుని, ఆ రెండు ఊళ్ళూ వెళ్ళాను. వెళ్ళిన చోటల్లా చెప్పాను. ఒక ఇంట్లో ముసలాయన విని, "ఎవులు?" అన్నాడు. ఆవిడ ఐదేళ్ళు వారం వారం ఆయన పక్కన కూర్చున్నారు. ఆయన్ని తప్పు పట్టడానికి లేదు. అలాంటివాళ్ళ కోసమే ఆవిడ ఉద్యోగం.

ఆ ఉద్యోగం పేరు ఆక్యుపేషనల్ థెరపిస్టు. మా డిస్పెన్సరీ డాక్టరుగారు ఒక్కరే ఆ మాటని తడబడకుండా పలికేవారు. ఆవిడ మద్రాసు వెళ్ళి ఆ చదువు చదివి, చాలా ఏళ్ళు ఒక పెద్ద మానసిక ఆసుపత్రిలో పనిచేసి, వయసు మళ్ళాక ఆమదాలవలస దగ్గర మా చిన్న మిషను డిస్పెన్సరీకి వచ్చారు. పెళ్ళి చేసుకోలేదు. మతి తప్పిన ముసలివాళ్ళని ఆసుపత్రిలో తెచ్చి పడెయ్యడం కన్నా, వాళ్ళ ఇళ్ళకే వెళ్ళి, చేతులకి అలవాటైన పని ఏదో ఒకటి పెట్టి కూర్చోబెట్టడం మేలని ఆవిడ నమ్మకం. నేను ఎనిమిదో తరగతితో బడి మాని, పెళ్ళయ్యాక అక్కడ ఆయాగా చేరాను. మొదట సంచీ మొయ్యడానికి నన్ను వెంట తీసుకెళ్ళేవారు. తర్వాత తర్వాత పని కూడా నేర్పారు. అంత చదువుకున్న మనిషీ ఊళ్ళలో మా మాటే మాట్లాడేవారు. అది ఆవిడ పుట్టిన మాట కూడాను.

ఏ ఇంటికి వెళ్ళినా ముందు ముసలి మనిషి పక్కన చాప మీద కూర్చుని చెయ్యి పట్టుకునేవారు. అరచెయ్యి తిప్పి, కాయలెక్కడ కాచాయో బొటనవేలితో తడిమేవారు. "సిన్నప్పటి నుంచి ఈ సేతులు ఏటి సేసేవి తల్లీ?" అని అడిగేవారు. నోరు చెప్పకపోయినా చెయ్యి చెప్పేది. నాటు వేసిన చెయ్యి వేరు, దంచిన చెయ్యి వేరు, వల అల్లిన చెయ్యి వేరు. ఊళ్ళవాళ్ళకి మాత్రం ఇది జాతకం చెప్పడంలా కనిపించింది. చెయ్యి చూసే అమ్మ వచ్చిందంటే మతి సరిగ్గా ఉన్నవాళ్ళంతా చేతులు చాపుకుని వచ్చేసేవారు. నాకు చిరాకు వేసేది. ఆవిడకి వేసేది కాదు.

"నాకు మంచి రోజులు ఎప్పుడొస్తాయో సెప్పమ్మా" అని ఒకతను చెయ్యి చాపాడు.

ఆవిడ తడిమి చూసి, "నీది సుట్ట జాతకం నాయనా. కొడవలి పట్టిన కాయ ఒక్కటీ లేదు. మీ ఆవిడ సెయ్యి తీసుకురా, నీ మంచి రోజులు అందులో ఉంటాయి" అన్నారు.

గోడ అవతల నుంచి అతని పెళ్ళాం, "మరోపాలి సెప్పమ్మా, గట్టిగా సెప్పు, మా అత్తకి ఇనబళ్ళేదు!" అని అరిచింది.

ఒక ఊళ్ళో ముసలాయన పొద్దస్తమానం వీధిలో అటూ ఇటూ నడిచి, ఒక్కోరోజు పొలిమేర దాటిపోయేవాడు. కొడుకు కట్టేసి ఉంచాడు. ఆయన చేతుల్లో ఆవిడకి ఏమీ దొరకలేదు. చివరికి భుజం మీద చెయ్యి వేసి, "ఇదిగో, ఈయన సదువు ఇక్కడున్నాది" అన్నారు. వయసులో ఉండగా పల్లకీ మోసిన బోయీ. భుజం మీద నిమ్మకాయంత కాయ. ఆవిడ కావిడి కట్టించి, రెండు తేలిక కుండలు వేలాడదీయించి, బడికి మంచినీళ్ళు మొయ్యమన్నారు. పక్కన కొడుకు నడవాలి.

"అయ్యని పనికి తోలినానని ఊరంతా నవ్వుతాదమ్మా" అన్నాడు కొడుకు.

"కట్టేసినప్పుడు నవ్వినారేటి?"

కొడుకు వెళ్ళి కట్టు విప్పాడు. కావిడి భుజాన పడగానే ముసలాయన నడుం సర్దుకుని, దారి ఇమ్మని కేకలు పెడుతూ బయలుదేరాడు. పల్లకీ ముందు పెట్టే కేకలు. వీధిలో అందరూ నిజంగానే పక్కకి తప్పుకున్నారు.

నయమైందని నేను రాయను. ఎవరికీ నయం కాలేదు. ఆ బోయీ కొన్నాళ్ళకి కొడుకుని గుర్తుపట్టడం మానేశాడు, తరవాత అన్నం మానేశాడు, పోయాడు. "మరి మనం సేసిందేటమ్మగారూ?" అని నేను అడిగితే, "నయం సెయ్యడానికి మనం రాలేదే పిల్లా. పొద్దు గడపడానికి ఒచ్చినాం. పొద్దు గడవడం సిన్న పనా?" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు చాల్లేదు.

శ్రీకూర్మం వైపు ఒక రైతు ఇంట్లో జరిగింది చెప్పాలి. అక్కడ ముసలమ్మ రోజంతా చాటలో పెసలూ మినుములూ వేరుచేస్తూ కూర్చునేది. మేం చెప్పకుండానే పని దొరికింది కదా అని నాకు సంతోషమేసింది. కోడలు నన్ను వంటింట్లోకి పిలిచి గొప్పగా చెప్పింది.

"సాయంత్రానికి రెండూ ఏరీస్తాది. నాను మళ్ళీ కలిపీసి పొద్దున్న సాటలో పోసెస్తాను. నెల బట్టీ అవే పెసలు, అవే మినుములు. మా అత్తకేటి తెలుస్తాది?"

నేను ఆ మాట ఆవిడకి చెప్పాను. ఆవిడ ముసలమ్మ పక్కన కూర్చున్నారు.

"ఏటి తల్లీ సేస్తన్నావు?"

"ఏటో. ఇవి నిన్నటి పెసలే" అంది ముసలమ్మ తలెత్తకుండా. "మొన్నటివీ ఇవే. ఎవులో కలిపీస్తన్నారు. ఏరకపోతే నాకు కూడెట్టరు గావాల."

గుమ్మంలో ఉన్న కోడలు, "ఓలమ్మ! నానెప్పుడు అలగన్నాను?" అని గుండెల మీద చెయ్యి వేసుకుంది.

ఆవిడ చాట తీసి పక్కన పెట్టారు. "నువ్వు అనలేదమ్మా. పని అన్నాది. ఇది దొంగపని. కన్ను మోసపోతాది, సెవి మోసపోతాది, సెయ్యి మోసపోదు. ఈ మనిసి సేసింది ఎవులికో ఒకలికి అక్కరకి రావాల. ఎవులికీ అక్కర్లేని పని పెట్టీకండి, దానికన్నా ఊరికే కూకోబెట్టండి." ఆవిడ గొంతు పెంచగా నేను విన్నది ఆ ఒక్కసారే. నేను పక్కన నిలబడి తలూపాను.

ఆ తరవాత ముసలమ్మకి అడ్డాకు విస్తళ్ళు కుట్టే పని పెట్టారు. పుట్టింట్లో చేసిన పనే. ఆ వీధిలో పెళ్ళికి ఆ విస్తళ్ళే వేయించి, ముసలమ్మని తీసుకెళ్ళి పంక్తికి ఎదురుగా పీట మీద కూర్చోబెట్టారు. ఎవరింటి పెళ్ళో ముసలమ్మకి తెలియదు. తింటున్నవాళ్ళందరికీ, "సారు పోసుకోండి, కారదు" అని మాత్రం చెబుతూ వచ్చింది.

ఆవిడకే మతి తప్పడం మొదలైనప్పుడు నేను వెంటనే ఒప్పుకోలేదు. బస్సులో ఒక స్టాపు ముందు దిగిపోయారు. పోన్లే అనుకున్నాను. తరవాత ఒకే ఇంటికి ఒకే పూట రెండుసార్లు వెళ్ళి, రెండోసారి కూడా కొత్తగా చెయ్యి పట్టుకున్నారు. ఆ ఇంటివాళ్ళు నా ముఖం చూశారు. నేను సంచీలో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాను. దాదాపు ఏడాది దాచాను. దాచడం పెద్ద కష్టం కాలేదు. సంచీ మోసేది నేనే, డిస్పెన్సరీ పుస్తకంలో రాసేదీ నేనే.

ఒకరోజు నేను బస్సు దగ్గర ఆలస్యమైతే ఆవిడ ముందు వెళ్ళిపోయి, తెలియనివాళ్ళ ఇంట్లోకి నడిచి, కొత్తగా కాపరానికొచ్చిన పిల్ల చెయ్యి పట్టుకుని వదల్లేదట. ఆ పిల్ల జడుసుకుంది. ఇంటివాళ్ళు డిస్పెన్సరీకి వచ్చి అరిచి వెళ్ళారు. డాక్టరుగారు నన్ను పిలిచారు.

"ఒకచోట కుదురుగా కూర్చుంటే ఆవిడని ఇక్కడే ఉంచుకుందాం. ఇలా ఇళ్ళలోకి వెళ్ళిపోతే తమ్ముడికి రాయక తప్పదు."

తమ్ముడుగారు మంచివారే. ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం, రెండు గదుల ఇల్లు. భార్య బడిలో టీచరు. పగలంతా తలుపుకి గడియ పెట్టి వెళ్ళాలి. ఏ ఇంట్లోనూ చెయ్యొద్దని ఆవిడ ఊరూరా చెప్పింది అదే. అందుకని, ఆవిడ్ని కూర్చోబెట్టే పని ఒకటి వెతకాలి. ఆవిడ దగ్గరే నేర్చుకున్నాను కాబట్టి నాకు వచ్చుననుకున్నాను.

విస్తరాకు ఇచ్చాను. అటూ ఇటూ తిప్పి, "బాగానే కుట్టినావు" అని నాకే ఇచ్చేశారు. నేను కుట్టలేదు, అది ఉత్త ఆకు. గోగునార ఇచ్చాను. దూది ఇచ్చి వత్తులు చెయ్యమన్నాను. చింతపండు ఇచ్చాను. ఏదీ నాలుగు నిమిషాలు ఆనలేదు, లేచి వీధిలోకి వెళ్ళిపోయేవారు. అప్పుడు ఆవిడ చేతులు పట్టుకుని, ఆవిడ నేర్పినట్టే తడిమి చూశాను. మెత్తగా ఉన్నాయి. ఒక్క కాయ లేదు. ఆ చేతులు అన్నేళ్ళూ చేసింది ఇంకొకళ్ళ చేతులు పట్టుకోవడం. దానికి కాయ కాయదు.

ఆవిడ్ని శ్రీకూర్మం వైపు ముసలమ్మ దగ్గరకే తీసుకెళ్ళాను. ఆ చలికాలమంతా అది నడిచింది. ఇద్దరూ ఒకే చాప మీద కూర్చునేవారు. ఆవిడ ముసలమ్మ చెయ్యి పట్టుకుని, "సిన్నప్పటి నుంచి ఈ సేతులు ఏటి సేసేవి తల్లీ?" అని అడిగేవారు. ముసలమ్మ, "ఇస్తర్లు కుట్టేవమ్మా, అడ్డాకు ఇస్తర్లు" అని చెప్పేది. "అలగా! ఎవులు నేర్పినారు?" "మా యమ్మ." కాసేపటికి మళ్ళీ అదే అడిగేవారు, ముసలమ్మ మళ్ళీ కొత్తగా చెప్పేది. ఇద్దరిలో ఎవరికీ విసుగు లేదు. కోడలు ఒకరోజు నాతో, "ఎవులు రోగో, ఎవులు డాకటరో తెల్డం లేదే" అని నవ్వి, మళ్ళీ తప్పుగా అన్నానేమోనని నా చెయ్యి పట్టుకుంది. నేనూ నవ్వాను.

ఎండలు ముదరకముందే ముసలమ్మకి జ్వరం వచ్చి నాలుగు రోజుల్లో పోయింది. మిగిలిన ఇళ్ళు రెండు మూడు ఉన్నాయి కాని వాళ్ళు ఒప్పుకోలేదు. "మతి పోయినోళ్ళకి మతి పోయినావిడొచ్చి ఏటి సేస్తాది?" అన్నారు. ఆవిడ మళ్ళీ ఇళ్ళలోకి వెళ్ళడం మొదలుపెట్టారు. తమ్ముడికి రాయడానికి డాక్టరుగారు బల్ల మీద కార్డు తీసి పెట్టుకున్నారు. పదిరోజులు ఆగమని అడిగాను.

ఇంటికొచ్చి మా అత్తతో చెప్పాను.

"పిచ్చిదానిలాగ కూకోవాలా?" అంది అత్త.

"పిచ్చి కాదత్తా, మతిమరుపు. అడిగినదానికి ఎంటనే సెప్పీకు. సెయ్యి పట్టుకుంటే ఇచ్చీ, అంతే."

"మీ మావ దగ్గర నలభై ఏళ్ళు ఏటీ తెలీనట్టే కూకున్నాను. నాకిదేటి కొత్త?"

మర్నాటి నుంచి ఆవిడ్ని మా ఇంటికి తీసుకొచ్చాను. ఆవిడ చాప మీద కూర్చుని మా అత్త చెయ్యి పట్టుకున్నారు. "సిన్నప్పటి నుంచి ఈ సేతులు ఏటి సేసేవి తల్లీ?" అత్త వాసాల కేసి చూసి, "ఏటోనమ్మా... తెల్దు" అని మూలిగింది. కొంచెం ఎక్కువే మూలిగింది. ఆవిడ మాత్రం వెన్ను నిటారుగా పెట్టుకుని, చాలా రోజుల తరవాత నన్ను పిలిచి, "రాసుకో పిల్లా" అన్నారు. నేను రాసుకున్నాను. ఆవిడకి పని దొరికింది. ఆ రోజు అడక్కుండానే అన్నం తిన్నారు.

రోజూ వచ్చేవారు. నాలుగో రోజు ముంగిట్లో ఆరబోసిన వడ్ల మీదకి కోడి వచ్చింది. అత్త నటన మర్చిపోయి, "హుష్! నీ దుంపతెగ, తినీసినాదే వడ్లన్నీ!" అని ఒక్క కేక వేసింది. ఆవిడ మెల్లగా నా వైపు తిరిగి, "మాట తిరుగుతున్నాది, సూసినావా? ఈ మనిసికి దారున్నాది" అన్నారు. అత్త చీర చెంగు నోట్లో కుక్కుకుని గోడకేసి తిరిగింది. డాక్టరుగారు ఒకసారి వచ్చి గుమ్మంలోంచి చూసి, తల పంకించి వెళ్ళిపోయారు. కార్డు బల్ల మీంచి సొరుగులోకి వెళ్ళిందని మర్నాడు చూశాను.

మూడు వారాలు అలా గడిచాయి. ఆ మధ్యలో ఒక్క రోజూ ఆవిడ వేరే ఇంట్లోకి వెళ్ళలేదు. నేను గెలిచాననే అనుకున్నాను.

ఆ రోజు ఇంట్లో పిండి దంపుడు. అత్త పొద్దున్నే రోకలి పట్టి, ఆవిడ వచ్చే వేళకి చేతులు కడుక్కుని వచ్చి చాప మీద కూర్చుంది. ఆవిడ చెయ్యి తీసుకున్నారు. తడిమారు. బొటనవేలు అరచేతి మధ్యన ఆగిపోయింది. మళ్ళీ తడిమారు. అత్త ముఖంలోకి చూశారు. రెండో చెయ్యి కూడా తీసుకుని చూశారు. ఏమీ అడగలేదు.

"పిల్లా."

"అమ్మగారూ."

"ఈ సెయ్యి ఇంకా ఏడిగున్నాది. ఈ మనిసి ఈయాళ పొద్దున్న రోకలి పట్టినాది. రోజూ పడతన్నాది. ఈవిడికే జబ్బూ లేదు."

నేను రాసుకునే పుస్తకం మూసేశాను.

"నాకు దొంగపని పెట్టినావా?"

ఆ క్షణంలో ఆవిడకి అంతా తెలుసు. నేనెవరో, ఆవిడెవరో, ఎందుకు అక్కడ కూర్చున్నారో అన్నీ తెలిసిన కళ్ళు. ఏడాదిగా నేను ఆ చూపు కోసమే వెతికాను. "అవునమ్మగారూ" అన్నాను.

మా అత్త, "దాని తప్పు కాదమ్మా, నిన్ను ఎల్లనివ్వలేక..." అని ఏడుపు అందుకుంది. ఆవిడ అత్త చెయ్యి తన ఒళ్ళోంచి తీసి, అత్త ఒళ్ళోనే మెల్లగా పెట్టేశారు. విసరలేదు. తన చేతులు రెండూ చెంగు కిందకి తీసుకున్నారు.

ఆ తరవాత ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. ఇళ్ళలోకి వెళ్ళడం కూడా మానేశారు. డాక్టరుగారు అడిగినట్టే ఒకచోట కూర్చున్నారు. కాని అది కుదురు కాదని ఆయనకీ తెలిసింది. ముద్ద నోటికి పెడితే నోరు తెరిచేవారు, అంతే. మాట చాలా తగ్గిపోయింది. పిలిస్తే చూసేవారు, ఆ చూపులో నేను లేను. డాక్టరుగారు కార్డు రాసేముందు, ఇంకేమైనా చేసి చూస్తావా అని అడిగారు. ఏం చెయ్యాలో తెలియకపోతే నేను అడిగేది ఆవిడనే.

ఇప్పటికీ ఆ మూడు వారాల గురించి నాకు ఏదీ తేలలేదు. ఆ దొంగపని పెట్టకపోతే ఆవిడ్ని అంతకు ముందే తీసుకెళ్ళిపోయేవారు. పెట్టినందుకు ఆవిడకి తెలివి వచ్చిన ఒకే ఒక్క రోజు, నేను మోసం చేసిన రోజైంది. ఆ రైతింటి కోడలు మొన్న సంతలో కనిపించింది. ఆ రోజు ఆవిడ దాన్ని మందలిస్తుంటే నేను తలూపిన సంగతి గుర్తొచ్చింది. పెసలూ మినుములూ ఎందుకు కలిపిందో నాకు ఇప్పుడు తెలుసని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. కూర ఏటి కొన్నావని అడిగాను. వంకాయలంది.

నేను ఇప్పుడు ఒక్కదాన్నే ఊళ్ళు తిరుగుతున్నాను. నన్ను ఎవరూ చెయ్యి చూసే అమ్మ అనరు, ఆయమ్మ అంటారు. ముసలివాళ్ళ పక్కన కూర్చుని ఆవిడ అడిగిన మాటే అడుగుతాను. వాళ్ళ చేతులకి సరైన పని ఒక్కోసారి దొరుకుతుంది, ఎక్కువసార్లు దొరకదు. దొరకనప్పుడు ఊరికే కూర్చుంటాను. ఆవిడతో అలా ఊరికే కూర్చోవలసింది.

ఆవిడ్ని తీసుకెళ్ళడానికి తమ్ముడుగారు ఆ వైశాఖంలో ఒక శుక్రవారం వచ్చారు. స్టేషనులో బల్ల కాలిపోతోంది. తువ్వాలు పరిచి ఆవిడ్ని కూర్చోబెట్టాం. మా అత్త కూడా వచ్చింది కాని ముందుకి రాకుండా టికెట్ల గది నీడలో నిలబడింది. చాలాసేపటికి ఆవిడ తమ్ముడి కేసి తిరిగి, "ఎవులింటికి ఎల్తన్నాం?" అన్నారు.

"మనింటికే అక్కా."

"అక్కడేటి పని?"

ఆయన నా వైపు చూశారు. నేను పట్టాల వైపు చూశాను.

వాల్తేరు పాసింజరు పదకొండున్నరకి రావాలి. పన్నెండుకి పదినిమిషాల ముందు వచ్చింది. మొదట తమ్ముడుగారు ఎక్కారు, తరవాత పెట్టె, తరవాత ఆవిడ. పన్నెండు గంటలకి వెళ్ళిపోయారు.